అనుమానము అడుగదు, ప్రేమ అడుగును

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 5:11-31, మత్తయి 1:18-25, 1 కొరింథీయులకు 13:4-7



కాపరి ఇంటింటికి వెళ్లి ప్రార్థన చేయునప్పుడు జనులు తమ బాధలు అనేకము చెప్పుకొందురు. అప్పుల సంగతి చెప్పుదురు. పొలముగట్టు తగాదా చెప్పుదురు. బిడ్డ జ్వరము, పాలివ్వని గేదె, అత్తాకోడళ్ల మాటలు అన్నియు చెప్పుదురు. అయితే ఒక్క బాధ మాత్రము సాధారణముగా ఎవరును చెప్పరు. "నా భార్యమీద నాకు నమ్మకము లేదు" అని భర్త చెప్పడు. "నా భర్త మనస్సు ఇంటిలో లేదు" అని భార్య చెప్పదు. ఆ బాధ లోలోపలనే యుండును. గుమ్మమునకు చెద పట్టినప్పుడు పైన రంగు బాగుగానే యుండును. ఒకనాడు ఎవరో దానిమీద చేయి వేసినప్పుడు గాని లోపల డొల్ల అని తెలియదు. ఈ నెల ఆ చెదను గూర్చి ధ్యానించుదము.

నాతాను ప్రవక్త దావీదు పాపమును దావీదునకు చూపవలసి వచ్చినప్పుడు మొదట ఒక కథ చెప్పెను (2 సమూయేలు 12). మన తప్పు తిన్నగా చెప్పిన యెడల మనకు కోపము వచ్చును. వేరొకరి కథయైతే నిదానముగా విందుము, న్యాయముగా తీర్పు చెప్పుదుము, పిదప ఆ తీర్పు మనమీదికే వచ్చినదని గ్రహింతుము. గనుక నేనును ఒక కథ చెప్పుదును. ఇది జరిగిన సంగతి కాదు. ఇంగ్లండు దేశపు నాటకకర్త షేక్స్పియరు వ్రాసిన "ఒథెల్లో" అను నాటకములోనిది. 1604వ సంవత్సరములో లండను నగరమందు రాజభవనములో దానిని ఆడిరి. అందులోని భార్యాభర్తలు కల్పితులే. వారి ఇంటిలో చొరబడిన అనుమానము మాత్రము మనకు తెలిసినదే.

కథ

ఒథెల్లో వెనిస్ పట్టణపు సేనాధిపతి. అతడు పరదేశి, నల్లనివాడు, వయస్సు కొంత మీరినవాడు. డెస్డిమోనా ఆ పట్టణపు పెద్దలలో ఒకని కుమార్తె. ఒథెల్లో ఆమె తండ్రి ఇంటికి వచ్చి, తాను పడిన యుద్ధములను, చెరలను, ఆపదలను చెప్పుచుండగా ఆమె విని, అతనిని ప్రేమించెను. తండ్రికి చెప్పకుండ పెండ్లి చేసికొనిరి. తండ్రి సభకు ఫిర్యాదు చేసినప్పుడు ఆమె పెద్దలందరి యెదుట నిలిచి, ఇతడు నా భర్త అని ధైర్యముగా ఒప్పుకొనెను. తండ్రి వెళ్లిపోవుచు అల్లునితో, కన్నతండ్రిని మోసగించినది నిన్నును మోసగింపవచ్చును అను భావము గల ఒక మాట విసరి వెళ్లెను. కోపములో విసరిన ఆ మాట ఒక విత్తనమువలె అక్కడనే పడియుండెను.

తరువాత తురుష్కులు దండెత్తి వచ్చుచున్నారని విని ఒథెల్లో కుప్ర ద్వీపమునకు వెళ్లెను; భార్యయు అక్కడికి చేరెను. ఇది మన బైబిలులోని కుప్రయే. బర్నబా పుట్టిన చోటు, పౌలు బర్నబాలు సువార్త ప్రకటించిన చోటు (అపొస్తలుల కార్యములు 4:36, 13:4-12). ఒథెల్లో క్రింద ఇయాగో అను అధికారి యుండెను. తనకు రావలసిన పదవిని కాసియో అను యువకునికి ఇచ్చినందున ఇయాగో పగ పట్టెను. అంతేకాదు, తన భార్యయైన ఎమీలియాకును ఒథెల్లోకును సంబంధమున్నదేమో అను అనుమానము కూడ ఇయాగోలో నుండెను. దానికి ఋజువు లేదు. ఋజువు అతనికి అక్కర కూడ లేదు. అనుమానముతో కుళ్లినవాడే ఇంకొకని ఇంటిలో అనుమానము విత్తెను.

ఇయాగో కాసియోకు మద్యము త్రాగించి తగాదా పెట్టించెను. కాసియో పదవి పోయెను. "అమ్మగారిని బతిమాలుకో" అని ఇయాగోయే అతనికి సలహా ఇచ్చెను. డెస్డిమోనా దయగలది గనుక కాసియో పక్షమున భర్తను మాటిమాటికి వేడుకొనెను. అప్పుడు ఇయాగో ఒథెల్లో దగ్గర సగము మాట మాటలాడి ఆగెను. ఏమియు చెప్పలేదు; చెప్పుటకు ఇష్టము లేనివానివలె నటించెను. మామ విసరిన మాటను జ్ఞాపకము చేసెను. ఆ దినమునుండి ఆమె దయ అతని కంటికి దోషముగా కనబడెను.

ఒకనాడు ఒథెల్లో తల నొప్పిగా నున్నదనగా డెస్డిమోనా తన చేతిరుమాలుతో అతని నుదుట కట్టబోయెను. అది అతడు ఆమెకిచ్చిన మొదటి కానుక; ఎఱ్ఱని పండ్ల బొమ్మలు కుట్టిన బట్ట. ఇది చాలదని అతడు ప్రక్కకు నెట్టగా అది నేలబడెను, ఇద్దరును చూడలేదు. ఎమీలియా దానిని తీసికొని తన భర్తకిచ్చెను. ఇయాగో దానిని కాసియో గదిలో పడవేసెను. ఆమె తన ప్రేమను చూపబోయినప్పుడు జారిపడిన బట్టయే ఆమెమీద సాక్ష్యమాయెను. ఒథెల్లో రాత్రివేళ పడకమీదనే ఆమె ఊపిరి ఆపి చంపెను. వెంటనే ఎమీలియా నోరు తెరచి నిజము చెప్పెను. ఇయాగో తన భార్యను పొడిచి చంపెను. ఒథెల్లో తన్ను తానే పొడుచుకొని భార్య ప్రక్కను పడి చచ్చెను.

ప్రియులారా, ఈ ఇల్లు ఎక్కడ కూలెనో నాలుగు సంగతులలో చూతము.

1. మూడవ మనిషి మాట

ఇయాగో మొదట నింద మోపలేదు. మన గ్రామములలోను కొండెము ఆలాగుననే వచ్చును. "నాకెందుకులే గాని...", "చెప్పితే నీవు బాధపడుదువు గాని..." అని మొదలుపెట్టుదురు. విన్నవాడు మిగిలిన సగము తానే కల్పించుకొనును, తాను కల్పించుకొన్నదానిని తానే నమ్మును. రచ్చబండ యొద్దను, బోరింగు యొద్దను ఇట్టి సగము మాటలచేత ఎన్ని ఇండ్లు చీలినవో! కొండెగాడు మిత్రులను విడదీయునని సొలొమోను హెచ్చరించెను (సామెతలు 16:28). కట్టెలు లేనిచో అగ్ని ఆరిపోవునట్లు, కొండెగాడు లేనిచో జగడము చల్లారునని కూడ చెప్పెను (26:20).

"నిప్పు లేనిదే పొగ రాదు కదా" అని మనవారు అందురు. నిజమే. అయితే ఆ నిప్పు ఎవరి పొయ్యిలోనిది? కుప్రలోని ఆ ఇంటిలోనికి పొగ వచ్చెను. నిప్పు మాత్రము ఇయాగో గుండెలో నుండెను. మీ భార్యను గూర్చి గాని భర్తను గూర్చి గాని ఎవరైన సగము మాట తెచ్చినప్పుడు, "ఈ మాట ఆమె యెదుట అనగలవా? అతని యెదుట అనగలవా?" అని అడుగుడి. అనలేనివాని మాటను మీ గుమ్మము దాటనీయకుడి.

2. నోరులేని సాక్ష్యము

బట్టకు నోరు లేదు. అది కాసియో గదిలో నున్నది అనుట నిజమే. ఎట్లు వచ్చెనో అది చెప్పలేదు. అనుమానమే దానికి నోరు పెట్టెను. ఈ దినములలో ఆ చేతిరుమాలు పని సెల్‌ఫోను చేయుచున్నది. తెలియని నెంబరునుండి ఒక పిలుపు వచ్చిన చాలును. సంతనుండి రావలసిన బస్సు ఆలస్యమైన చాలును. కూలి డబ్బులో యాభై రూపాయలు లెక్కకు రాకపోయిన చాలును.

కడప జిల్లానుండియు గోదావరి జిల్లాలనుండియు మన సహోదరీలు ఎందరో కువైటు మొదలగు దేశములకు ఇంటిపనికి వెళ్లియున్నారు. తెలంగాణనుండి సహోదరులు ఎందరో గల్ఫు దేశములలో కూలిపని చేయుచున్నారు. పిల్లల చదువు కొరకు, ఇంటి కప్పు కొరకు వారు వెళ్లిరి. ఒక రాత్రి ఫోను ఎత్తలేదని ఇక్కడ ఒకరు నిద్రలేక దొర్లుదురు. అక్కడ ఆమె యజమాని ఇంటిలో అర్ధరాత్రివరకు గిన్నెలు తోముచుండవచ్చును. ఇక్కడ భార్య పొలములో నుండి ఫోను ఇంటిలో మరచియుండవచ్చును. డెస్డిమోనా చేతిరుమాలు ప్రేమతోనే తీసెను అని జ్ఞాపకముంచుకొనుడి. మనము దోషమని పట్టుకొన్న గుర్తు ఒక్కొక్కప్పుడు మన కొరకు వారు పడిన శ్రమకు గుర్తయి యుండును.

3. తిన్నగా అడుగని ప్రశ్న

ఒథెల్లో అసలే అడుగలేదా? అడిగెను. "చేతిరుమాలు ఏది?" అని అడిగెను, ఎందుకు అడుగుచున్నాడో చెప్పలేదు. ఎమీలియాను విచారించెను, నా యజమానురాలు నిర్దోషియని ఆమె గట్టిగా చెప్పినను నమ్మలేదు. తీర్పు ముందే వ్రాసికొని, విచారణ తరువాత జరిపెను. అట్టి ప్రశ్న ప్రశ్న కాదు, ఉరి.

ఇక డెస్డిమోనా? భర్త ముఖము చూచి భయపడి, చేతిరుమాలు పోలేదని చెప్పెను. అది చిన్న అబద్ధము, భయములో పుట్టినది. ఆమె ఏ పాపమును చేయలేదు గాని ఆ చిన్న అబద్ధము అతని అనుమానమునకు నూనె పోసెను. భర్తలారా, మీ భార్య మీతో అబద్ధమాడినప్పుడు, ఆమెను గద్దించుటకు ముందు, నిజము చెప్పుటకు ఆమె ఎందుకు భయపడుచున్నదో ఆలోచించుడి. భార్యలారా, భర్తలారా, చిన్న సంగతులలోను ఒకరితోనొకరు నిజమే పలుకుడి (ఎఫెసీయులకు 4:25).

నీ సహోదరుడు నీయెడల తప్పు చేసిన యెడల మొదట ఒంటరిగా అతనియొద్దకే వెళ్లి మాటలాడుమని ప్రభువు నేర్పెను (మత్తయి 18:15). ఈ ఆజ్ఞ సంఘ సభ్యులకే గాని పడకగదికి చెందదా? ఎవరికంటె దగ్గర సహోదరి నీ భార్య? ఎవరికంటె దగ్గర సహోదరుడు నీ భర్త? ఊరివారితో కాదు, పుట్టింటివారితో కాదు, మొదట నీవును ఆమెయు, నీవును అతడును. "నా మనస్సులో ఈ బాధయున్నది, నీవు చెప్పుము, నేను విందును" అనుటకు ప్రేమకు మాత్రమే ధైర్యముండును. అనుమానము అడుగదు, ఏలయనగా జవాబు వచ్చునేమో అని దానికి భయము.

4. ఆలస్యముగా తెరచిన నోరు

ఎమీలియాకు చేతిరుమాలు సంగతి తెలియును. తన యజమానురాలు దాని కొరకు కలవరపడుట చూచెను, అయినను ఊరకుండెను. చివరకు ప్రాణమునకు తెగించి నిజము చెప్పెను; అప్పటికి డెస్డిమోనా చనిపోయియుండెను. ఇరుగుపొరుగువారలారా, అత్తలారా, ఆడపడుచులారా, ఒక నిర్దోషిమీద నింద పడుచున్నప్పుడు నిజము తెలిసియు "మనకెందుకు" అని ఊరకుండకుడి. శవము లేచిన తరువాత చెప్పిన నిజము ఎవరిని బ్రతికించును?

నజరేతు వడ్రంగి

ఇప్పుడు వేరొక ఇంటికి వెళ్లుదము. యోసేపునకు మరియ ప్రధానము చేయబడెను. వారు ఏకము కాకమునుపే ఆమె గర్భవతియాయెను. ఒథెల్లో చేతిలో నున్నది ఒక గుడ్డముక్క. యోసేపు కన్నుల యెదుట నున్నది అంతకంటె ఎంత పెద్ద ఋజువు! ప్రధానము చేయబడిన కన్య తప్పు చేసిన యెడల రాళ్లతో కొట్టవచ్చునని ధర్మశాస్త్రము చెప్పుచుండెను (ద్వితీయోపదేశకాండము 22:23-24). యోసేపు రాయి తీయలేదు. ఊరిపెద్దలను పిలువలేదు. ఆమెను నలుగురిలో అవమానపరచ నొల్లక రహస్యముగా విడువ నుద్దేశించెను. అతడు నీతిమంతుడై యుండెనని మత్తయి చెప్పుటకు కారణమిదియే. అతడు ఆలోచించుకొనుచుండగా ప్రభువు దూత స్వప్నమందు మాటలాడెను. చూడుడి, యోసేపు ఒక్క రాత్రి ఆగెను. ఆ ఒక్క రాత్రిలో దేవుడు మాటలాడుటకు సందు దొరికెను. ఒథెల్లో రాత్రి ఆగలేదు. యోసేపు తొందరపడియుండిన యెడల రక్షకుని కన్నతల్లి గతి ఏమై యుండును?

మోషే ధర్మశాస్త్రములో రోషమును గూర్చిన విధి యొకటి యున్నది (సంఖ్యాకాండము 5). అనుమానము పుట్టిన భర్త భార్యను యాజకునియొద్దకు తేవలెను. యాజకుడు మంటిపాత్రలో పరిశుద్ధ జలము తీసికొని, మందిరపు నేలమీది ధూళి అందులో వేసి ఆమెకు త్రాగించును. నీళ్లు, ధూళి; తమంతట తాము మనిషిని చంపునవి కావు. తీర్పు దేవునిది. ఆమె నిర్దోషియైతే హాని లేక పిల్లలను కనును. ఈ విధి చదివి, స్త్రీనే ఎందుకు తెచ్చిరి అని సహోదరీలు అడుగవచ్చును, అడుగదగిన ప్రశ్నయే. అయితే ఇందులోని కనికరమును చూడుడి: అనుమానపడిన భర్త చేతిలోనుండి రాయిని, కర్రను దేవుడు తీసివేసెను. రోషము పట్టినవాడు న్యాయాధిపతి కాజాలడని చెప్పెను. తరువాత మన ప్రభువు వచ్చి పురుషుని కంటిచూపును సహితము తీర్పులోనికి తెచ్చెను (మత్తయి 5:28).

మన దేశమందును 1869 నాటి విడాకుల చట్టము క్రింద క్రైస్తవ భర్త భార్య వ్యభిచారమొక్కటే చూపి విడాకులు కోరవచ్చును. భార్య అయితే దానితోపాటు క్రూరత్వము వంటి వేరొక తప్పు కూడ చూపవలసియుండెను. ఆ భేదమును 2001లో తొలగించిరి. దేవుని తూనిక అయితే మొదటినుండియు ఒక్కటే.

ప్రేమ పేరిట కొట్టువారికి

"ప్రేమ యున్నది గనుకనే అనుమానము" అని కొందరు చెప్పుదురు. సహోదరులారా, దేవుడు కూడ రోషముగలవాడని వ్రాయబడియున్నది (నిర్గమకాండము 34:14). అయితే ఆయన రోషము ఏమి చేసెను? తప్పిపోయిన ఇశ్రాయేలును వెదకుచు వెళ్లెను. హోషేయ తప్పిపోయిన భార్యను వెల యిచ్చి తెచ్చుకొనుటలో అది కనబడెను. చివరకు సిలువమీద తానే గాయపడెను. దేవుని రోషము తాను దెబ్బ తినును, మన రోషము దెబ్బ కొట్టును. భార్యను ప్రేమించుట అనగా ఆమె కొరకు తన్ను అప్పగించుకొనుట అని పౌలు వ్రాసెను (ఎఫెసీయులకు 5:25). చేయి ఎత్తినవాడు ఈ వాక్యమును ఎత్తకూడదు.

సంఘపెద్దలారా, అనుమానపు దెబ్బలు తిని వచ్చిన సహోదరితో "సర్దుకొని పొమ్ము, ప్రార్థన చేసికొమ్ము" అని పంపివేయకుడి. ప్రార్థన చేయుడి, ఆమెకు ఆ రాత్రి తలుపు కూడ తెరువుడి. 2005 నాటి గృహహింస చట్టము కొట్టుటనే కాదు, మాటలతో అవమానించుటను కూడ హింసయే అని చెప్పుచున్నది. 181 నెంబరునకు ఫోను చేసి స్త్రీలు సహాయము అడుగవచ్చును. ఇది విశ్వాసము లేకపోవుట కాదు. పౌలు కూడ కొరడా దెబ్బలకు ముందు తన పౌరహక్కును చెప్పుకొనెను (అపొస్తలుల కార్యములు 22:25).

అనుమానము నిజమే అని తేలిన యెడల ఏమి చేయవలెను? అట్లును జరుగును. ఆ గాయము చిన్నది కాదు, వెంటనే క్షమించుమని ఎవరిని తొందరపెట్టకూడదు. ఏడ్వనిండు. అయితే అప్పుడును రాయి మన చేతిలోనిది కాదు. పాపములేనివాడు మొదట రాయి వేయవలెనని ప్రభువు చెప్పగా పెద్దలు మొదలుకొని అందరును వెళ్లిపోయిరి (యోహాను 8). నమ్మదగిన ఒకరిద్దరు పెద్దలతో కూర్చుండి, నిజము ఒప్పుకొని, పశ్చాత్తాపపడి, మెల్లమెల్లగా నమ్మకమును తిరిగి కట్టుకొనవలెను. కూలిన గోడ ఒక్క దినమున లేవదు.

ఈ నెల చేయదగినది

సూర్యుడస్తమించువరకు కోపము నిలువకూడదని వాక్యము చెప్పుచున్నది (ఎఫెసీయులకు 4:26). ఈ నెలలో ఒక సాయంకాలము, పిల్లలు నిద్రించిన తరువాత, భార్యాభర్తలు దీపము యొద్ద కూర్చుండుడి. ఫోనులు ప్రక్కన పెట్టుడి. 1 కొరింథీయులకు 13వ అధ్యాయము కలిసి చదువుడి. ప్రేమ అపకారమును లెక్క వ్రాసికొనదు అను మాట యొద్ద ఆగి, మీ మనస్సులో నున్న పాత లెక్కల పుస్తకమును బయటికి తీయుడి. ఒకరు మాటలాడునప్పుడు మరియొకరు మధ్యలో అడ్డు రాకుడి. దాచిన చిన్న సంగతి ఏదైన ఉన్నయెడల మెత్తగా చెప్పుడి. విన్నవారు మెత్తగా వినుడి. పిమ్మట చేతులు పట్టుకొని ప్రార్థించుడి. ఆ సాయంకాలము ఒక్క మాట అడుగలేని ఇంటిలో చెద ముందుకు పోవును. అడిగి, విని, నమ్మిన ఇల్లు బండమీద నిలుచును.

ప్రార్థన: ప్రభువా, మా ఇండ్లలో దాగియున్న అనుమానమును నీ వెలుగులోనికి తెమ్ము. కొండెములు వినకుండ మా చెవులను, కొట్టకుండ మా చేతులను కాయుము. యోసేపువలె ఒక్క రాత్రి ఆగుటకు మాకు ఓపిక నిమ్ము. దూరదేశములలో నున్న భార్యలను, భర్తలను నీ రెక్కల నీడను దాచి, వారి కొరకు ఎదురుచూచువారి మనస్సులకు నెమ్మది ననుగ్రహించుము. నింద మోసిన నిర్దోషులను లేవనెత్తుము. తప్పిపోయినవారిని తిరిగి తెమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.